అభిప్రాయం అడిగామా, ఆమోదం అడిగామా?

మేము చేసే ఉద్యోగానికి ప్రోడక్ట్ ఓనర్ అని పేరు. అది విని మా మామూజాన్ ‘అయితే కంపెనీలో నీకూ వాటా ఉందన్నమాట’ అని సంబరపడ్డారు. వాటా లేదు. తయారవుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఏది ముందు, ఏది తరువాత, ఏది అసలే వద్దు అని నిర్ణయించే బాధ్యత మాత్రం ఉంది. పేరులో యాజమాన్యం ఉన్నా, పని చూస్తే అది ఒక అమానత్.

ఏళ్ల తరబడి ప్రణాళిక రాసుకుని చివర ఒక్కసారే సరుకు అప్పగించే పద్ధతితో విసిగిన 17 మంది నిపుణులు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట సమావేశమయ్యారు. వారు వెలువరించిన ప్రకటనే ఎజైల్ మేనిఫెస్టో. కొద్దికొద్దిగా తయారుచేస్తూ, వాడేవారికి చూపుతూ, దిద్దుకుంటూ సాగాలన్నది దాని సారం. ఈ మార్గంలో బాగా వాడుకలో ఉన్న విధానం స్క్రమ్. అందులో నెల మించని గడువును స్ప్రింట్ అంటారు. బృందం రోజూ 15 నిమిషాలు కలుసుకుంటుంది. గడువు చివర, జరిగినదాన్ని వెనుదిరిగి చూసుకునే సమావేశం ఉంటుంది. పనుల వరుసపై తుది మాట ప్రోడక్ట్ ఓనర్ ఒక్కరిదే. వాటిని ఎలా చేయాలన్నది మాత్రం చేసేవారే నిర్ణయిస్తారు.

ఇవన్నీ మాకు కంఠస్థం. అయినా తప్పు చేశాం.

అప్పట్లో మా బృందం ఒక ఆసుపత్రి కౌంటర్‌కు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నది. రోగుల ఫోన్ నంబర్లు తరచూ తప్పుగా నమోదవుతున్నాయని, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెబితేనే చీటీ రావాలని మేము ప్రతిపాదించాం. కొత్తగా చేరిన టెస్టర్ అమ్మాయి మెల్లగా, ‘సర్, పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ల ఫోన్ వాళ్ల దగ్గర ఉండదేమో’ అన్నది. ‘మంచి మాటే, తరువాత చూద్దాం’ అని నవ్వాం. ‘ఇంకెవరికైనా అభ్యంతరమా?’ అని అడిగాం. ఎవరూ నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని ఏకాభిప్రాయమనుకున్నాం.

అది వాడుకలోకి వచ్చిన సోమవారం ఉదయం రోగుల వరుస గుమ్మం దాటింది. ఓ వృద్ధురాలు చెప్పిన నంబరు ఆమె కొడుకుది. అతనేమో లారీ మీద నాగపూర్ దారిలో ఉన్నాడు. ఓటీపీ అతనికి చేరింది, చీటీ ఆమెకు చేరలేదు. పదకొండింటికల్లా సిబ్బంది మళ్లీ కాగితాల మీద రాయడం మొదలుపెట్టారు.

ఆ వారం జరిగిన సమావేశంలో మేము మొదట అడిగిన ప్రశ్న, ‘దీన్ని టెస్ట్ చేసిందెవరు?’ ఆ అమ్మాయి తల వంచుకుంది. ‘ముందే చెప్పాను కదా’ అని అనవచ్చు. అనలేదు.

లోకంలో ఏ కొత్త విధానం వచ్చినా అది మన ధర్మంలో ముందే ఉందని చెప్పుకునే అలవాటు మాకు నచ్చదు. ఎజైల్ మనుషులు వ్యాపారం కోసం ఏర్పరచుకున్న పద్ధతి, అంతే. కానీ ఆ రాత్రి మాకు గుర్తుకొచ్చింది ఉహుద్. హిజ్రీ 3లో శత్రుసేన మదీనాను సమీపించినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులతో సంప్రదించారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ఆయన (స) మొగ్గు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దక్కని యువకులు అనేకులు బయటికి వెళ్లి పోరాడదామన్నారు. ఆయన (స) వారి మాట మన్నించారు. కవచం ధరించాక వారే నొచ్చుకుని తమ మాట వెనక్కి తీసుకోబోయినా, జరిగిన నిర్ణయాన్ని మార్చలేదు. తరువాత విలుకాండ్రలో ఎక్కువమంది తమ స్థానం విడిచిపెట్టడం, దాదాపు 70 మంది సహాబాల (రజి) షహాదత్, స్వయంగా ఆయన (స) గాయపడటం మనందరికీ తెలిసినవే.

మేము ఆలోచించింది ఆ తరువాతి సంగతి. ఉహుద్ గురించిన ఆయతుల నడుమనే, ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయత్‌లో, వారిని మన్నించమని, వ్యవహారాల్లో వారితో సంప్రదించమని ఆదేశం ఉంది. అంత నష్టం జరిగాక కూడా సంప్రదింపు రద్దు కాలేదు. ‘ఎవరి సలహా వల్ల ఇలా అయింది?’ అనే విచారణ కాదు, క్షమాపణ ముందు నిలిచింది. మేమో, సలహా విననిది మేమే అయి ఉండి, విచారణ మొదలుపెట్టాం.

మరునాడు బృందమంతా ఉండగా ఆ అమ్మాయిని క్షమించమని అడిగాం. చిన్నబుచ్చింది నలుగురిలో కదా. ఓటీపీ నిబంధన తీసేశాం. ఇప్పుడు ప్రణాళికా సమావేశాల్లో మా అభిప్రాయం చివరనే చెబుతున్నాం. రోజువారీ 15 నిమిషాలలో అందరూ మా ముఖం చూసి లెక్క అప్పజెప్పే అలవాటు పోవాలని పక్కకు జరిగి నిలబడుతున్నాం. కొందరు ఇంకా మెడ తిప్పి మావైపే చూస్తున్నారు.

ఇంట్లో మాత్రం మేము మారలేదని ఈ మధ్యే తెలిసింది. మా పెద్దమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. ఇషా నమాజ్ అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మష్వరా చేద్దామన్నాం. ఎంపీసీ వల్ల కలిగే లాభాలన్నీ చెప్పి, ‘నీ అభిప్రాయం ఏమిటమ్మా?’ అని అడిగాం. ‘అబ్బా, మీరు అడగటం లేదు, చెబుతున్నారు’ అన్నది.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. ముందు మాట్లాడే వంతు ఆమెకిచ్చాం. సీఈసీ తీసుకుని న్యాయశాస్త్రం చదవాలని ఉందట. ఎందుకో చెబుతుండగా రెండుసార్లు అడ్డుపడబోయి, వాళ్ల అమ్మీ చూపు చూసి ఆగాం. కాలేజీ ఫారం బల్ల మీదే ఉంది. గ్రూపు గడి ఇంకా ఖాళీగానే ఉంది.