ముందుకి వాలిన అద్దం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రేలియాలో పొలాలకీ, కార్చిచ్చు ఆర్పే దళాలకీ చేరిన మిలిటరీ లారీల పాత ఫొటోలు రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నా. అక్కడివాళ్లు వాటిని ‘బ్లిట్జ్’ అంటారు. కెనడాలో ఫోర్డ్, షెవ్రొలె కంపెనీలు ఒకే నమూనాలో చేసినవి.

ఎర్ర రంగేసినా, వెనక నీళ్ల ట్యాంకు బిగించినా ఆ ముఖం దాగదు. మొండి ముక్కు. తర్వాత వచ్చిన క్యాబుల్లో అయితే ముందు అద్దం పై అంచు బయటికి, కింది అంచు లోపలికి వాలి ఉంటుంది. ఎండకి తళుక్కుమంటే పైనున్న విమానాలకి దొరికిపోతారని అలా పెట్టారు. ఏ కంపెనీదో అనుమానమొస్తే బానెట్ ఎత్తాలి: ఫోర్డ్‌కి వీ-8 ఇంజను, షెవ్రొలెకి వరసగా ఆరు సిలిండర్లు.

బాంబుల భయమే లేని పొలంలో కూడా ఆ అద్దం అలాగే తలవంచుకుని ఉంటే, ఎందుకో గుండె బరువెక్కింది.