ఏ కాగితం, ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి?

ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మేవాళ్లకు రోజూ వినిపించే మాట కన్వేయన్సింగ్. ఇల్లు ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు చట్టప్రకారం మారడానికి జరిగే కాగితాల పని అంతా అదే. తెలుగులో "ఆస్తి బదలాయింపు" అని రాయవచ్చు. కానీ ఎవరి నోటా ఆ మాట నేను వినలేదు. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వేలో రిటైరై విజయనగరంలో చిన్న ఇల్లు కొన్నప్పుడు "రిజిస్ట్రేషన్ అయింది" అన్నారు, అంతే. బయానా ఇచ్చారు, అగ్రిమెంటు రాసుకున్నారు. ఒక రోజు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ సాక్షులూ కలిసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సంతకాలు, వేలిముద్రలు పెట్టి వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ కలిసి కాఫీ కూడా తాగారట.

ఇక్కడ ఆ కాఫీ ఉండదు. ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు తప్ప కొనేవాళ్ల ముఖం మళ్లీ కనబడదు. మాట్లాడుకునేది ఇద్దరి సొలిసిటర్లు. రెండు తేదీలు ముఖ్యం. మొదటిది ఎక్స్ఛేంజ్. రెండు వైపులా సంతకాలు చేసిన కాంట్రాక్టులు చేతిలో పెట్టుకుని సొలిసిటర్లు ఫోన్‌లో "సరే, మార్చుకున్నాం" అనుకునే క్షణం అది. రెండోది కంప్లీషన్. డబ్బు వచ్చి, తాళాలు చేతులు మారే రోజు. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఎవరు ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు, జరిమానా లేదు. ఎక్స్ఛేంజ్ అయ్యాక కొనేవాళ్లు మాట తప్పితే మామూలుగా ధరలో పదో వంతు, అంటే డిపాజిట్టు, పోతుంది. స్కాట్లండ్ పద్ధతి వేరు, దాన్ని ఇక్కడ కలపను.

ఈ తేడా నాకు సొంత ఇల్లు అమ్మకముందే కొంచెం తెలుసు. మా గుడిలో పూజారిగారు ఇళ్లకు వెళ్లి చేసే పూజల డైరీ నా దగ్గర ఉంటుంది. కొత్తగా ఇల్లు కొంటున్న పిల్లలు ఫోన్ చేస్తారు. "ఆంటీ, వచ్చే నెల 12న గృహప్రవేశం, ముహూర్తం ఇండియాలో అమ్మావాళ్లు పెట్టించారు, పూజారిగారు ఖాళీయేనా?" అంటారు. పదిరోజులకు మళ్లీ ఫోన్. "ఆంటీ, ఇంకా తాళాలు రాలేదు." వాళ్ల అమ్మానాన్నలు అప్పటికే టికెట్లు కొనేసి ఉంటారు. అందుకని ఇప్పుడు నేను మొదట అడిగేది ముహూర్తం కాదు. "ఎక్స్ఛేంజ్ అయిందా నాన్నా?" అని అడుగుతాను. కాలేదంటే పెన్సిల్‌తో రాస్తాను. కొందరికి అది అపశకునంలా అనిపిస్తుంది. ఏం చేస్తాం, డైరీలో పేజీ చిరిగేదాకా కొట్టివేతలు చేశాను.

ఇక మా సంగతి. మేము 1998లో కొన్న మూడు పడకగదుల ఇల్లు, బర్మింగ్‌హామ్ దగ్గర. మావారికి నాలుగేళ్లుగా పార్కిన్సన్స్. పోయిన శీతాకాలంలో మెట్ల మీద రెండుసార్లు పడ్డారు. రెండోసారి మూడు మెట్ల నుంచి. నేను కింద వంటింట్లో ఉన్నాను, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మా అమ్మాయి ఇంటికి దగ్గరలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు దొరికింది. మా ఇల్లు 3 లక్షల 40 వేల పౌండ్లకు కొంటామని ఒక చిన్న జంట వచ్చారు. చంకలో పాప, మొదటి ఇల్లు. అంటే గొలుసులో ముగ్గురం: కింద ఆ జంట, మధ్యలో మేము, పైన తన కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్న ఫ్లాటు ఆవిడ. ఇక్కడ దీన్ని చైన్ అనే అంటారు. ఒక కొక్కెం ఊడితే మొత్తం జారుతుంది.

2025 మార్చి 14న ఎక్స్ఛేంజ్, 28న కంప్లీషన్ అనుకున్నాం. ఆ తేదీల వెనక ఒక కారణం ఉంది. మొదటి ఇల్లు కొనేవాళ్లకు మార్చి 31 వరకు 4 లక్షల 25 వేల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 3 లక్షలకు దిగుతుంది, ఆ పైన 5 శాతం. మా ఇంటి ధరకు లెక్క వేస్తే 40 వేల మీద 5 శాతం, 2,000 పౌండ్లు. పాప ఉన్న ఇంట్లో 2,000 పౌండ్లంటే చిన్న మాట కాదు. దేశమంతా అదే నెలాఖరు కోసం పరిగెత్తుతోంది, సొలిసిటర్ల ఆఫీసుల్లో ఫోన్ ఎత్తేవాళ్లు లేరు.

మార్చి 12 సాయంత్రం వాళ్ల సొలిసిటర్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. వంటిల్లూ భోజనాల గదీ మధ్య గోడ తీసేశారు కదా, దానికి కౌన్సిల్ ఇచ్చిన బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ ఎక్కడ?

ఆ గోడ తీసింది మేము కాదు. మా కంటే ముందున్నవాళ్లు. అమ్మేవాళ్లు నింపే ప్రాపర్టీ ఇన్ఫర్మేషన్ ఫారంలో జనవరిలోనే ఆ సంగతి రాశాం, "మేము కొనకముందే తీశారు, కాగితాలు మాకు ఇవ్వలేదు" అని. ఆ ఫారం ఏడు వారాలుగా వాళ్ల దగ్గరే ఉంది. నాకు ఒళ్లు మండింది. మావారికి ఇంకా ఎక్కువ మండింది. ఆయన ఇంజనీరు. "రేపు పొద్దున్నే కౌన్సిల్‌కు ఫోన్ చేసి పాత రికార్డు తీయిస్తాను, గంట పని" అన్నారు.

ఇక్కడ ఒక విషయం కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. మా సొలిసిటర్ ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది, ఆమే నిజంగా పని చేసేది. పొద్దున్నే ఆమె ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట, "దయచేసి కౌన్సిల్‌తో మాట్లాడకండి." ఇలాంటి పాత పనులకు సర్టిఫికెట్ లేకపోతే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ అని ఒకటి తీసుకుంటారు. ఒక్కసారి డబ్బు కడితే చాలు, కొన్నవాళ్లకూ వాళ్లకు అప్పిచ్చిన బ్యాంకుకూ, తరువాత కొనేవాళ్లకూ పనికొస్తుంది. రేపు కౌన్సిల్ వచ్చి ఆ పని మీద చర్య తీసుకుంటే అయ్యే నష్టం భరిస్తుంది. కానీ మామూలుగా ఒక షరతు ఉంటుంది. ఈ సంగతి ముందుగా కౌన్సిల్ చెవిన పడి ఉండకూడదు. ఒక్క ఫోన్ చేస్తే ఆ పాలసీ దొరకడం కష్టం. మావారు రిసీవరు పెట్టేశారు, గొణుక్కుంటూ.

పాలసీ తీసుకున్నాం. ఒక్క పూటలో వచ్చింది. అయిపోయింది అనుకుంటే, ఆ జంట ఒప్పుకోలేదు. వాళ్ల ప్రశ్న వేరు. కౌన్సిల్ వస్తుందా రాదా అన్నది వాళ్లకు పట్టలేదు. "గోడ తీసిన చోట పైన దూలం ఉందా?" అని అడిగారు. ఆ గోడకు సరిగ్గా పైన ఉన్న గదిలోనే పాప పడుకునేది. ఇన్సూరెన్స్ కాగితం దూలం గురించి ఏమీ చెప్పదు. దూలం అనే మాట నాకు పెద్ద బాలశిక్ష నుంచి వచ్చింది, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నప్పుడు. బరువు మోసే అడ్డ కర్ర. ఇక్కడైతే ఉక్కుది.

14వ తేదీ వచ్చింది, పోయింది. ఎస్టేట్ ఏజెంట్ నవ్వుతూ ఒక హెచ్చరిక చేశాడు, ఇలాంటప్పుడు కొందరు చివరి నిమిషంలో ధర తగ్గించమంటారు అని. దానికి ఇంగ్లిష్‌లో గజండరింగ్ అని పేరు. అమ్మేవాళ్లు ఎక్కువ ఇచ్చేవాళ్లు దొరికారని మాట మార్చితే గజంపింగ్. రెండింటిలోనూ ఏనుగు లేదు, ఉంటే బాగుండేది.

మా సొలిసిటర్ సలహా, "పాలసీ ఇచ్చాం, అది చాలు, గట్టిగా నిలబడండి." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏడేళ్లు ఆ గోడ లేని చోటే నిలబడి నేను వంట చేశాను. ఇల్లు కూలలేదు. అయినా, నా మనవరాలు పడుకునే గది కింద గోడ లేదంటే నేను అడగనా? మర్నాడు మేమే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాం, మా ఖర్చు మీదే. సొలిసిటర్ ఆఫీసు అమ్మాయిని ముందు అడిగాను, ప్రైవేటు ఇంజనీరు వస్తే పాలసీకి ఇబ్బంది లేదని చెప్పాకే.

ఈ మధ్యలో ఫోన్లు. సొలిసిటర్‌కు ఫోన్ చేసి "ఏమైంది?" అని అడిగితే "పని జరుగుతోంది" అనే జవాబు వస్తుంది. అందులో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. నేను అడిగే పద్ధతి మార్చాను. ఏ కాగితం ఆగింది? అది ఎవరి దగ్గర ఉంది? ఎప్పటి నుంచి ఉంది? ఈ మూడూ ఒక చిన్న ఈమెయిల్‌లో రాసి రోజూ పొద్దున 9 గంటలకు పంపాను. కోపం ఒక్క ముక్క కూడా పెట్టలేదు, గుడిలో ప్రసాదాల లెక్క పంపినట్టే పంపాను. జవాబులు వచ్చాయి. అప్పుడు తెలిసింది, మేము మా గోడ గురించి కంగారు పడుతుంటే పైన ఫ్లాటుకు కావలసిన మేనేజ్‌మెంట్ కంపెనీ కాగితం ఒకటి పదకొండు రోజులుగా ఒకరి టేబుల్ మీద ఉంది. లీజ్‌హోల్డ్ ఫ్లాటు కొనేవాళ్లు సర్వీస్ చార్జీల లెక్కలు ముందే తెప్పించుకోండి, అవి రావడానికి వారాలు పట్టవచ్చు. ఆ కబురు ఎస్టేట్ ఏజెంట్‌కు ఇచ్చాను. మన సొలిసిటర్ పక్కవాళ్ల సొలిసిటర్‌తోనే మాట్లాడతాడు, ఏజెంట్ మాత్రం గొలుసు అంతా ఫోన్ చేయగలడు. సాయంత్రానికి ఆ కాగితం కదిలింది.

19న ఇంజనీరు వచ్చాడు. సీలింగ్‌లో అరచేయంత ముక్క కోసి, లోపలికి టార్చి వేశాడు. మావారు వాకర్ పట్టుకుని కింద నిలబడి, "కనబడిందా?" అని నాలుగుసార్లు అడిగారు. కనబడింది. ఉక్కు దూలం, రెండు చివరలూ ఇటుక మీద సరిగ్గా కూర్చుని ఉంది. ఎవరో మంచి పనివాడు పెట్టాడు, కాగితం మాత్రం పెట్టలేదు. అంతసేపటి తరువాత మావారి ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను.

వాళ్ల బ్యాంకు డబ్బు పంపడానికి ఐదు పనిదినాల ముందు చెప్పాలంది. అంటే 21 శుక్రవారం దాటితే 28 పోయినట్టే. 20 రాత్రికి ఇంజనీరు ఉత్తరం చేరింది. 21 మధ్యాహ్నం మూడు గంటల తరువాత ఎక్స్ఛేంజ్ అయింది. ధర ఒక్క పౌండు తగ్గలేదు. అప్పటిదాకా సామాన్ల లారీ వాళ్లకు నేను అడ్వాన్సు కట్టలేదు, "పెన్సిల్‌తో రాసుకోండి" అని వాళ్లకూ చెప్పాను.

అదే రాత్రి విజయనగరం నుంచి మా ఆడపడుచు ఫోన్. "వదినా, మర్నాడు అమావాస్య పెట్టుకుని 28న ఇల్లు మారడమేంటి? రెండు రోజులు ఆగితే ఉగాది కదా!" ఉగాది ఆదివారం వచ్చింది, ఆదివారం బ్యాంకులు డబ్బు పంపవు. సోమవారం 31. దేశంలో సగం మంది ఆ రోజే పెట్టుకున్నారు, ఏదైనా తేడా వస్తే ఆ పిల్లలకు 2,000 పౌండ్లు పోతాయి. "శుక్రవారం సామాను వెళ్తుంది, ఆదివారం పాలు పొంగిస్తాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "సామానుకు అమావాస్య లేదులే" అంది.

కంప్లీషన్ రోజు డబ్బు కింద నుంచి పైకి ఎక్కుతుంది, ఒక సొలిసిటర్ ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకు. మామూలు కాంట్రాక్టులో గడువు మధ్యాహ్నం 2 గంటలు. అది దాటితే మర్నాటి పనిదినం లెక్కలోకి పోయి, వడ్డీ అడిగే హక్కు వస్తుంది. మాకు 12:40కి డబ్బు చేరింది. మేము పంపినది పైకి చేరేసరికి 2:25. శుక్రవారం కాబట్టి మర్నాటి పనిదినం అంటే సోమవారం. ఫ్లాటు ఆవిడ వడ్డీ అడగలేదు. ఏజెంట్‌తో "తాళాలు ఇచ్చేయండి, వాళ్లాయన్ని కారులో ఎంతసేపు కూర్చోబెడతారు" అన్నదట. ఆవిడను నేను ఒక్కసారే చూశాను. ఉగాది పచ్చడి పంపాలనుకున్నాను గానీ, వేపపువ్వు చేదుకు ఏమనుకుంటుందోనని లడ్డూలు పంపాను.

పాత ఇంటి వంటింటి సొరుగులో ఒక కవరు పెట్టి వచ్చాను. బాయిలర్ గ్యారంటీ, కిటికీల సర్టిఫికెట్లు, ఇండెమ్నిటీ పాలసీ కాపీ, వాటిమీద ఇంజనీరు ఉత్తరం. రెండు వారాలకు ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. దూలం గురించి ఏమీ లేదు. రీసైక్లింగ్ డబ్బా ఏ రోజు బయట పెట్టాలి అని అడిగింది.