చీనీ తోటకు పనికొచ్చిన ఎంఎస్‌పీ

పోయిన ఎండాకాలం మా తోటలో పిందె ఎట్ల రాలిందో మీకు చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

మాది పులివెందుల పక్క. చీనీ నాలుగెకరాలు, దాని కింద టమోటా ఎకరా, రెండిటికీ బోరు ఒకటే. ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు తేమ చూసే డబ్బా ఒకటి చేసి చెట్ల నడుమ పెట్టినాడు. మట్టి ఆరితే నా ఫోనుకు మెసేజి వస్తుంది. రాలేదంటే తేమ ఉన్నట్టే, నీళ్లు టమోటాకు తిప్పుకోవచ్చు.

మెసేజి రాలేదు. ఎనిమిది రోజులు నీళ్లన్నీ టమోటాకే వదిలినా. కాలితో మట్టి తన్ని చూసుంటే తెలిసేది, డబ్బా ఉంది కదా అని తన్నలేదు. తొమ్మిదోరోజు పోతే చెట్ల కింద గోలీలంత పిందె పరుచుకొని ఉండాది. డబ్బాలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

"పెద్ద బ్యాటరీ పెట్టు అబ్బీ" అన్నా. "బ్యాటరీది కాదు మామా, తప్పు నాదే" అన్నాడు. వాడు పెట్టింది పిల్లోళ్లు నేర్చుకునేదానికి వాడే బోర్డు. పని ఉన్నా లేకున్నా 50 మిల్లీఆంపులు తాగుతుందంట. 2000 మిల్లీఆంప్ అవర్ సెల్లు పెడితే 40 గంటలకు ఖాళీ. ఎర్రలైటు వెలుగుతాంటే నేను మురిసిపోయినా, అది తినేదీ ఆ సెల్లునే. బోరు కాడ మన మొబైల్ స్టార్టరుకు లైను కరెంటు ఉంటుంది, తోట నడుమ డబ్బాకు యాడిది?

ఈసారి ఎంఎస్‌పీ430 అనే చిప్పు తెచ్చినాడు. మద్దతు ధరకూ దీనికీ ఏం సంబంధం అబ్బీ అంటే నవ్వినాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లదంట. దీని గొప్ప అంతా నిద్రలోనే. పడుకుంటే సుమారు ఒక మైక్రోఆంపు, అంటే మిల్లీఆంపులో వెయ్యో వంతు. చేతి గడియారంలో మాదిరే సెకనుకు 32,768 సార్లు కొట్టుకునే క్రిస్టల్ ఒకటి మాత్రం మేలుకొని ఉంటుంది. అరగంటకొకసారి అది లేపితే చిప్పు లేచి, సెన్సారుకు కరెంటిచ్చి, తేమ చూసి, మళ్లీ పడుకుంటుంది.

అసలు తిండిపోతు సిమ్ మాడ్యూలు. పంపేటప్పుడు ఒక్కోసారి రెండు ఆంపుల దాకా లాగుతుందంట. అందుకే దానికి పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు తప్ప కరెంటే ఇవ్వడు. (మాది 2జీ మాడ్యూలు, జియో సిమ్ పనిచేయదు, చూసుకోండి.) సోలార్ ప్లేటు పెట్టొచ్చు కదా అంటారు. మా పక్క కోతుల సంగతి మీకు తెలీదు.

ఇప్పుడు తేమ ఉన్నా లేకున్నా రెండు పూటలా మెసేజి రావాల. బ్యాటరీ ఎంతుందో కూడా అందులోనే వస్తుంది. రాకపోతే డబ్బా చచ్చిందని లెక్క. శ్రావణంలో వేసిన సెల్లు సంక్రాంతి దాటినా నడుస్తాంది.

అయినా రెండు రోజులకొకసారి మట్టి తన్ని చూస్తాండా. డబ్బా చెప్పిందీ నా కాలు చెప్పిందీ నోటుబుక్కులో పక్కపక్కన రాస్తాండా. కావాల్సినోళ్లు కింద అడగండి, ఆదివారం మా వాడు ఇంట్లోనే ఉంటాడు, మాట్లాడిస్తా.