గూట్లో కీచురాయి

మా చిన్నోడు తొమ్మిదో తరగతి. చేతికి ఏది దొరికినా విప్పి చూడందే వాడికి నిద్రపట్టదు. మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఒకరుండే ఉంటారు. దసరా సెలవులకు ముందు నా దగ్గర డబ్బులు తీసుకుని, కరీంనగర్ టవర్ సర్కిల్ వైపు పోయి చిన్న పొట్లంతో వచ్చాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజరు, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, ఎనిమిది కాళ్ల నల్ల పురుగులాంటి ఐసీ ఒకటి.

"దీని పేరు 555 అమ్మా. హాన్స్ కామెన్‌జిండ్ అనే ఆయన 1971లో డిజైన్ చేశాడు. నీకన్నా పెద్దది!" అన్నాడు. నా వయసు గుర్తుచేయకుండా ఏదీ చెప్పలేడు వాడు.

అదెలా పనిచేస్తుందో తెలుగు బీఏ చదివిన నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. కెపాసిటర్ ఒక కుండ అనుకోమన్నాడు. పెద్ద రెసిస్టర్ దాంట్లోకి కరెంటును చుక్కచుక్కగా వదులుతుంది. కుండ మూడింట రెండు వంతులు నిండగానే 555 కనిపెట్టి, చిన్న రెసిస్టర్ దారిలో గబుక్కున ఒంపేస్తుంది. మూడో వంతు మిగిలేసరికి ఆపి మళ్లీ నింపుతుంది. ఆ ఒంపే క్షణంలోనే బజరు 'కీచ్' మంటుంది. నిండటానికి రెండున్నర నిమిషాలు, ఒంపడానికి సెకనులో మూడో వంతు. అంటే ఎక్కడా అని తల తిప్పేలోపు ఆగిపోతుంది. పైగా సన్నటి శబ్దం, మూడువేల హెర్ట్జ్ పైచిలుకు. అలాంటి ఒంటి కూత ఏ దిక్కునుంచి వస్తోందో మన చెవులు సరిగా పోల్చుకోలేవట. చీకట్లో కీచురాయిని వెతికినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

బడికి గానీ బస్సులో చేతికి గానీ తీసుకోనివ్వనని ముందే చెప్పాను. వైర్లు, బ్యాటరీ ఉన్న డబ్బా ఎక్కడైనా కూస్తే జనం హడలిపోతారు. అందుకని అది నా బట్టల సంచిలో ఆదిలాబాద్ చేరింది.

ఆదిలాబాద్ మా అత్తగారిల్లు. మామయ్య పోయాక మూడేళ్లుగా అత్తమ్మ కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటున్నారు గానీ, పండక్కి అందరం ఆ పాత ఇంటికే చేరతాం. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే తంగేడు, గునుగు పూలు కుప్పపోసుకుని కూర్చున్నాం. 'కీచ్'. మా యారాలు ఫోన్లన్నీ చూసింది. మళ్లీ 'కీచ్'. బావగారు ఇన్వర్టర్ దగ్గరికి పోయారు. ఆడబిడ్డ గ్యాస్ సిలిండర్ వాసన చూసింది. అరగంట ఇల్లంతా తిరగేశాం. నేనూ ఏమీ తెలియనట్టు వెతికాను, నవ్వు ఆపుకోలేక చస్తూ.

అత్తమ్మ మాత్రం గునుగు పూలు కట్టలు కట్టుకుంటూ కూర్చున్నారు. "ఏం దేవులాడుతున్నరు?" అన్నారు చివరికి.

"ఆ సప్పుడే అమ్మా, ఇనొస్తలేదా?"

"ఏం సప్పుడు?"

అందరూ నవ్వారు. మనవడితో కలిసి నాటకమాడుతోందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. డబ్బా ఉన్నది ఆవిడ వెనకున్న గోడ గూట్లోనే, ఇత్తడి చెంబు చాటున. మావాడు నవ్వుతూ దాన్ని తీసి ఆవిడకు మూరెడు దూరంలో పట్టుకున్నాడు. "నాయనమ్మా, ఇప్పుడు జూడు." రెండున్నర నిమిషాలు అందరం మాట్లాడకుండా కూర్చున్నాం. 'కీచ్' మంది. ఆవిడ డబ్బా వైపు చూడలేదు. మా మొహాల వైపు చూశారు, ఏమైందో మేం చెబుతామని.

నాకు నవ్వు పోయింది.

ఎందుకో చెప్పాలి. ఈ మూడేళ్లలో నేను మా చెల్లికి ఫోన్లో ఎన్ని చాడీలు చెప్పానో లెక్కలేదు. వంటింట్లోంచి నేను నాలుగుసార్లు పిలిచినా పలకరు. ఆయన హాల్లోంచి ఒక్కసారి "అమ్మా" అంటే చాలు, "ఏం కొడుకా" అంటారు. "సల్ల పొయ్యాలా?" అని నేనడిగితే "పల్లీలా? నమలటానికి నాకు పండ్లు ఏడున్నయే?" అన్నారొకసారి. వెటకారమనుకుని పది రోజులు ముక్తసరిగా మాట్లాడాను.

కరీంనగర్ రాగానే చెవుల డాక్టరుకు చూపించాం. ముందు గులిమి ఉందేమో చూశారు. తర్వాత శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాగితం మీద గీత బొంగురు శబ్దాల దగ్గర కాస్త పైనే ఉండి, సన్నటి శబ్దాల దగ్గరకొచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలనే తీసుకుపోతుందట. మగవాళ్ల లావు గొంతు అందుతుంది, ఆడవాళ్ల, పిల్లల గొంతు అందదు. అచ్చులు వినిపిస్తాయి, స, శ, త లాంటి హల్లులు జారిపోతాయి. సల్లలో 'స' పోతే మిగిలేదేమిటి? వర్ణమాల చదువుకున్న దాన్నే, నాకు తోచలేదు.

ఇంటికొస్తూ ఆటోలో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. క్షమాపణ అదీ చెప్పలేదు, ఆటో చప్పుడులో చెప్పినా వినపడదు. "మీరందరు గొణుగుతున్నరనుకున్న బిడ్డా, నాకు తెల్వకుండ ఏమో మాట్లాడుకుంటున్నరని" అన్నారు ఆవిడే.

ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకుంటున్నారు, సగం రోజు తీసి పక్కన పెడుతున్నారు కూడా. నేను ఎదురుగా పోయి మాట్లాడుతున్నాను. మావాడి డబ్బాను మాత్రం వదల్లేదు. "దాన్ని జర లావు గొంతుతోని మొత్తుకునేటట్టు చెయ్యరాదుర" అన్నారు. వాడు ఇంకో 555, చిన్న స్పీకరు కలిపి ఐదువందల హెర్ట్జ్ దగ్గర 'బొయ్' మనిపించాడు. "ఇగో, ఇప్పుడు ఇనొచ్చింది!" అని మురిసిపోయారు.

మొన్న పొద్దున బియ్యం డబ్బా మూత తీయబోతుంటే లోపల్నుంచి 'బొయ్' మంది. చేతిలో గ్లాసు జారి పడింది. మావాడు అప్పటికే బడికి పోయాడు. హాల్లోకి తొంగిచూస్తే అత్తమ్మ టీవీ వైపే చూస్తున్నారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.