రెండంగుళాలు తక్కువైన తాడు



నర్సాపూరు వెళ్ళే దారిలోనిది మా గుమ్మడిదల. 2016లో జిన్నారం నుండి విడివడి మండలమయింది. ఒకప్రక్క పొలాలు, మరొకప్రక్క బొంతపల్లి, దోమడుగు దిక్కున మందుల కర్మాగారాలు. ఉద్యోగవిరమణ తరువాత పొద్దుపోక, ఇంటిదగ్గరి అంగన్‌వాడీకి వెళ్ళి పిల్లలకు కథలు చెప్పడం అలవాటు చేసుకొన్నాను. 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకం వచ్చిన నాటినుండి గర్భిణులూ బాలింతలూ అక్కడే కూర్చుండి మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, గ్రుడ్డు తిని పాలు త్రాగడం మొదలయింది. పథకం పోషణకొరకు. కాని నలుగురు తల్లులొకచోట విస్తరి ముందు కూర్చుంటే నోళ్ళు కూడా విప్పుకొంటాయి.

ఒకనాడు మాటలు పిల్లల అల్లరి మీదికి మళ్ళాయి. రెండవ కాన్పుకు ఏడవ నెలలో పని మానుకొన్న ఒక అమ్మాయి తల వంచుకొని అన్నది: "టీచరమ్మా, పెద్దదానికి రెండేండ్లప్పుడు ఆయనకు రాత్రి డ్యూటీ, నాకు పగటి డ్యూటీ. ఆయన రానీకి గంట ఆలస్యమయ్యేది. చూసేటోళ్ళు లేరు. చీరకొంగు చింపి, దాని కాలుకు కట్టి మంచంకోడుకు ముడేసి పోయేదాన్ని. ఎవ్వరికీ చెప్పలె ఇన్నొద్దులు."

ఎవరైనా ఛీకొడతారనుకొన్నాను. ఎవ్వరూ కొట్టలేదు. కాసేపటికి ఇంకొకామె, ఏడుపు మానని బిడ్డను కసిరి గుమ్మం బయట కూర్చోబెట్టిన రాత్రిని చెప్పింది. మరొకామె చంటివానికి పాలు పడక, అత్తగారి మాటలు పడలేక దొడ్లో నిలబడి ఏడ్చిన సంగతి చెప్పింది. నడుమ నడుమ నవ్వులు కూడా: మొదటిసారి అంబాడిన పిల్ల పిండిడబ్బాలో తలదూర్చి తెల్లగా లేచిన వైనం, అమ్మ అనడానికి ముందే బస్సు అన్న పిల్లవాని ముచ్చట.

నాకు మాత్రం ఆ చీరకొంగు ముడి మనసులో పడిపోయింది. పోతనగారి భాగవతం దశమస్కంధంలోని ఉలూఖల బంధనాన్ని ఎన్ని తరగతులకు బోధించానో! యశోద ఎన్ని తాళ్ళు ముడివేసినా రెండంగుళాలు తక్కువే. చివరకు అలసిపోయిన తల్లిని చూచి జాలిపడి బాలుడే కట్టుబడ్డాడు. దానిని భగవల్లీలగానే చెప్పాను. పరీక్షలో సమాసాలు అడిగాను, ప్రతిపదార్థాలు అడిగాను. ఆ తల్లి అలసటను గూర్చి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తల్లి దైవమని పిల్లలచేత వల్లె వేయించాను గాని, దైవమన్న తరువాత ఆమె తన ఓటమి ఎవరితో చెప్పుకోగలదని ఆలోచించలేదు.

చట్టం ఆలోచించకపోలేదు. స్త్రీలు పనిచేసే కర్మాగారాలలో ఆరేళ్ళలోపు పిల్లలకొక సంరక్షణగది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించింది. యాభై మందికి మించి స్త్రీలుంటే అన్న నియమాన్ని 1976లో ముప్పైకి తగ్గించారు. ఆ నియమం క్రింద, అంతకు తక్కువమంది ఉన్నచోట పనిచేసిన తల్లికి మిగిలింది చీరకొంగే.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తుకు వచ్చింది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను తామే చెప్పుకొన్న పుస్తకమది. దళంలో ఉండి, పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథ అందులో ఉన్నది. తోటి స్త్రీలు ప్రక్కన కూర్చుండి అడిగేదాకా, మూడున్నర దశాబ్దాలు ఆ మాటలు పుస్తకానికి ఎక్కలేదు.

ఆనాడు అంగన్‌వాడీలో నేనూ నోరు విప్పాను. మావాడికి మూడేళ్ళప్పుడు నాకు దూరపు పల్లెకు బదిలీ అయింది. వాణ్ణి మా అమ్మ దగ్గర విడిచి వెళ్ళాను. రెండేళ్ళ తరువాత తీసుకొని రాబోతే, వాడు అమ్మమ్మ కొంగు వెనుక దాగి నన్ను "టీచరమ్మా" అని పిలిచాడు. బంధువులందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి నిద్రపట్టలేదు. నలభైఏళ్ళు కావస్తున్నది, ఎవరికీ చెప్పలేదు. వాడికీ నాకూ నడుమ ఎప్పుడూ ఏదో కొంచెం తక్కువగానే ఉండిపోయింది.

విని, చీరకొంగు అమ్మాయి తన గిన్నెలోని గ్రుడ్డు తీసి నా చేతిలో పెట్టింది. "తిను టీచరమ్మా" అన్నది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి కొడుకుకు ఫోను చేసి అడిగాను. కొంతసేపు ఊరుకొని, "నాకేం గుర్తు లేదమ్మా" అన్నాడు. నిజంగానే గుర్తు లేదో, అలసిన తల్లిని చూచి వాడే కట్టుబడ్డాడో, నేను మళ్ళీ అడగలేదు.

మీ అమ్మగారు దగ్గరుంటే, వీలు చూచుకొని ఒకసారి అడగండి. పొగడవద్దు, ఊరికే ప్రక్కన కూర్చుండి అడగండి.