నిమ్మకాయ, హీల్-టో

పోయిన చలికాలంలో రాంచీ నుంచి కారులో సోనారికి వస్తున్నాం. తైమారా ఘాటీ దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన వచ్చింది. పెడలు మెత్తబడింది. ఎలాగో పక్కకి తీసి ఆపాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక పొరుగాయన అన్నాడు: "అన్నగారూ, ఆ ఘాటీలో దయ్యాలున్నాయట. మీరేమో బండికి నిమ్మకాయ కూడా కట్టరు." నవ్వేశాను. 1000 కిలోల బండి 100 మీటర్లు కిందికి దిగితే సుమారు 9.8 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు పడాలి. నేను నాలుగో గేరులో దిగుతూ దాదాపు అదంతా బ్రేకుల పద్దులో రాశాను. ఇందులో దయ్యం ఎక్కడుంది?

తర్వాత మా మేనల్లుడు ఒక సలహా ఇచ్చాడు. "మామయ్యా, హీల్-టో నేర్చుకోండి. రేసు డ్రైవర్లు అలాగే గేరు దించుతారు. క్లచ్చి అరగదు, బండి అదుపులో ఉంటుంది." వెంటనే నమ్మేశాను.

పద్ధతి ఇది. కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కి ఉంచి, ఎడమ కాలితో క్లచ్చి నొక్కి, అదే కుడి పాదం మడమతోనో అంచుతోనో యాక్సిలేటరుని ఒక్కసారి తట్టాలి. ఇంజను వేగం పెరిగి, కింది గేరు కుదుపు లేకుండా అందుకుంటుంది. నా కారులో మూడో గేరులో ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, బండి అదే వేగంలో ఉండగా రెండో గేరుకి సుమారు 3000 కావాలి. ఆ తేడాని పూడ్చడమే కిటుకు. బీకాం వాణ్ణి కదా, లెక్క సరిపోగానే సంతకం పెట్టేశాను.

ముందు ఆపి ఉన్న బండిలోనూ, తర్వాత ఆదివారాలు తెల్లవారుజామున దోముహానీ వైపు ఖాళీ రోడ్డు మీదా రెండు నెలలు సాధన చేశాను. బాగా వచ్చేసిందనుకున్నాను. కానీ డిఫెన్స్ అకౌంట్సులో ఉద్యోగమంతా "అనుకున్నాను" అన్నవాళ్ళని వోచరు అడిగినవాణ్ణి. మరి నా వోచరు ఏదీ?

ఇరవై చీటీలు రాశాను. పదింటి మీద హీల్-టో, పదింటి మీద మామూలు పద్ధతి, అంటే వేగం తగ్గాక గేరు మార్చి క్లచ్చి నెమ్మదిగా వదలడం. చీటీ తీసి, అందులో ఉన్నట్టు మూడు నుంచి రెండుకి దించాలి. మా ఆవిడ కళ్ళు మూసుకుని, కుదుపు తగిలితే చెప్పాలి. ఇంజను మోత ఆమెకి వినబడుతుంది, పద్ధతి నాకు ముందే తెలుసు కాబట్టి ఇది పక్కా పరీక్ష కాదు. అయినా ఫలితం చూడండి: హీల్-టోలో ఆరు కుదుపులు, మామూలు పద్ధతిలో రెండు. పైగా ఒకసారి నా పాదం బ్రేకు మీంచి జారి బండి ముందుకి ఉరికింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది.

హీల్-టో బూటకం కాదు. మలుపు దాకా బ్రేకు వదలకుండా గేరు దించాల్సిన రేసు డ్రైవరుకి అది అవసరం. మన బండ్లలో గేర్ల వేగాలు కలపడానికి సింక్రోమెష్ ఉంది. 1928లోనే క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఘాటీలో నాకు కావలసింది వాలు మొదలవకముందే కింది గేరు వేసుకోవడం, అంతే. మొన్న అలాగే దిగాను. వాసన రాలేదు.

నిమ్మకాయని వెంటనే తోసేశాను, అది మూఢనమ్మకం అని నాకు ముందే తెలుసు కాబట్టి. హీల్-టోని వెంటనే నమ్మాను, అది సైన్సులా వినిపించింది కాబట్టి. ప్రాణం మీదికి తెచ్చేది ఈ రెండో రకమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

పొరుగాయన వచ్చే నెల పిల్లలతో రాంచీ వెళ్ళి వస్తాడట. నిమ్మకాయ మానమని వాదించలేదు. "కట్టుకుంటే కట్టుకోండి, దిగేటప్పుడు మాత్రం ముందే గేరు తగ్గించండి" అన్నాను. కాయితం మీద రాయించుకుని వెళ్ళాడు.