కాపలాదారే దొరైన ఊరు

బందరు అనగానే లడ్డూ, కలంకారీ గుర్తుకొస్తాయి. ఈ ఊరికి మరో కథ కూడా ఉంది. ప్రభుత్వమే లేకపోతే మనకు కాపలా ఎవరు కాస్తారు? నష్టపోతే ఎవరు ఆదుకుంటారు? రక్షణను కూడా కంపెనీలే అమ్మాలని బెల్జియం ఆర్థికవేత్త మొలినారి 1849లోనే రాశాడు. ఆ పనికి బీమా కంపెనీలే తగినవని తర్వాతివాళ్లు కొందరన్నారు. కృష్ణా డెల్టా చివర అలాంటి ఏర్పాట్లు కొన్ని నిజంగానే నడిచాయి. గుడివాడ నుంచి దివిసీమ దాకా వెళితే ఆ జాడలు కనిపిస్తాయి.

కళ్లంలోనే జీతం

విజయవాడ నుంచి బందరు వెళ్లే రైలు గుడివాడ మీదుగా పోతుంది. దారిపొడవునా వరిచేలు. పూర్వం ఇలాంటి పల్లెల్లో పోలీసంటే తలారే. దొంగల ఆచూకీ తీయాలి, బాటసారిని క్షేమంగా పొలిమేర దాటించాలి. అందుకు ఇనాం భూమి, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కొంత 'మేర' ముట్టేవి. తమిళదేశంలో కావలివాళ్లయితే పోయిన సొత్తు పట్టివ్వలేకపోతే దాని విలువ తామే కట్టుకోవాలి. పోలీసూ బీమా ఒక్కరేనన్నమాట! కానీ రుసుము ఇవ్వని ఊళ్లలో దొంగతనాలు చేయించేదీ వాళ్లేనని ఆనాటి అధికారుల ఫిర్యాదు. 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ పోలీసు పెత్తనాన్ని మునసబుకిచ్చి, తలారిని అతని కింద పెట్టింది.

కోటలో కంపెనీ

రైలు దిగి బందరుకోట వైపు వెళితే శిథిలమైన గోడలు, డచ్చివారి సమాధులు పలకరిస్తాయి. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకస్థావరాలు పెట్టారు. గిడ్డంగికి కాపలా కావాలన్నారు, సిపాయిలను పెట్టుకున్నారు. తమ మనుషుల తగవులు తామే తీర్చుకునే అధికారాన్ని 1661లో ఇంగ్లండు రాజు ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి కోటను పట్టుకున్నాడు. కొన్నేళ్లకే ఉత్తర సర్కారులు చాలావరకు కంపెనీ పాలయ్యాయి. సరుకుకు కాపలా కాసినవాళ్లే జనం దగ్గర శిస్తు వసూలు చేశారు. వాళ్లను అదుపుచేసే పెద్ద దిక్కు ఇక్కడ లేకపోయింది.

పట్టాభి బీమా

ఇదే ఊళ్లో మరో రకం భరోసా పుట్టింది. వైద్యుడు, స్వాతంత్ర్య యోధుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. తెలుగువారి పొదుపు తెలుగువారికే అక్కరకు రావాలన్నది ఆశయం. ఈ కంపెనీకి తుపాకీ లేదు, కోట లేదు. ఉన్నదల్లా మాట మీద నిలబడతారన్న నమ్మకం. 1956లో దేశంలోని జీవిత బీమా వ్యాపారమంతా ఎల్ఐసీలో కలిసింది. బందరు పేరుతో ఎల్ఐసీ డివిజను ఇప్పటికీ ఉంది.

ఉప్పెన అడిగిన ప్రశ్న

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయను దాటితే దివిసీమ. అవతల అవనిగడ్డ, నాగాయలంక, సముద్రం దగ్గర హంసలదీవి. 1864లో వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మందిని మింగితే, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు పది వేల ప్రాంతం. గుడిసెల్లో బతికే కూలీకి, వలే ఆస్తిగా ఉన్న జాలరికి ఏ పాలసీ ఉంటుంది? ప్రీమియం కట్టనివాళ్లకు చెల్లించాల్సిన పని ఏ కంపెనీకీ లేదు. అప్పుడు కదిలింది ప్రభుత్వమూ, ఊరూపేరూ తెలియని జనమూ. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి.

మేర కొలిచినవాడికి తలారి, ప్రీమియం కట్టినవాడికి కంపెనీ. ఏదీ ఇచ్చుకోలేనివాడి సంగతేమిటి? ఈ దారిలో మిగతావాటికి ఎన్ని జవాబులు దొరికినా, దీనికి మాత్రం 'అందరిదీ' అనదగ్గ ప్రభుత్వమే కావలసివచ్చింది. షెల్టరు తలుపు తీసేటప్పుడు ఎవరూ రసీదు అడగరు.